కాంకరెంట్ హ్యాష్‌మ్యాప్ వాడినా ఒకే సీటు ఇద్దరికి బుక్ అవుతోంది

కూకట్‌పల్లి_జావా:
ఎంజీబీఎస్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సులకు సీట్ల బుకింగ్ సర్వీసు. జావా 17, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఏ సీటు ఎవరిదో కాంకరెంట్ హ్యాష్‌మ్యాప్‌లో (చాలా థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనులు, కలిసి వాడుకోగల జావా పట్టికలో) పెట్టాం. ముందు కంటెయిన్స్‌కీతో సీటు అందులో ఉందో చూసి, లేకపోతే పుట్‌తో రాస్తాం. శివరాత్రి రద్దీ లెక్కన లోడ్ టెస్టు చేస్తే ఒకే సీటుకు రెండు టికెట్లు. మ్యాప్ థ్రెడ్-సేఫే కదా? వచ్చే నెల రెండో సర్వర్ కూడా పెడుతున్నాం.

అమీర్‌పేట_థ్రెడ్స్:
కంటెయిన్స్‌కీ విడిగా సేఫే, పుట్ విడిగా సేఫే. ఆ రెంటి మధ్య సందులో ఇంకో థ్రెడ్ దూరుతోంది. ఇద్దరికీ "ఖాళీ" అనే జవాబొచ్చింది, ఇద్దరూ రాసేశారు. చూడటం, రాయడం ఒకే అడుగులో చేసే పుట్‌ఇఫ్‌యాబ్సెంట్ వాడండి: నల్ తిరిగొస్తే సీటు దొరికినట్టు, ఇంకేదైనా వస్తే అప్పటికే పోయినట్టు. కంప్యూట్‌ఇఫ్‌యాబ్సెంట్ అయినా సరే గానీ, దాని లాంబ్డాలో (దానికిచ్చే చిన్న ఫంక్షన్‌లో) పేమెంట్ కాల్ పెట్టకండి. అది ముగిసేదాకా మ్యాప్‌లోని అదే బకెట్‌లో (అరలో) పడే వేరే సీట్ల రాతలూ ఆగిపోతాయి.

గచ్చిబౌలి_డీబీ:
అదంతా ఒక్క సర్వర్ ఉన్నంతవరకే అన్నా. మ్యాపైనా, సింక్రనైజ్డ్ (జావా తాళం) అయినా ఆ జేవీఎం (ఆ సర్వర్‌లో జావా నడిచే ప్రాసెస్) దాటి పనిచేయవు. నిర్ణయం డేటాబేస్‌కే వదలండి. ట్రిప్పుకు, సీటుకు కలిపి ఒక్కటే వరుస, దానికి యునీక్ కన్‌స్ట్రెయింట్ (అలాంటి రెండో వరుసను రానివ్వని నియమం). పట్టుకోవడం ఒకే అప్‌డేట్‌తో: ఖాళీగా ఉంటే, లేదా హోల్డ్‌లో (డబ్బు కట్టేదాకా తాత్కాలికంగా ఒకరి పేరున) ఉండి గడువు దాటితే అని వేర్‌లో షరతు. మారిన వరుసలు 1 అయితే దొరికింది, 0 అయితే లేదు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్టు ఐసోలేషన్ స్థాయి (కలిసి నడిచే ట్రాన్సాక్షన్లను వేరుగా ఉంచే పద్ధతి) రీడ్ కమిటెడ్‌లో రెండో అప్‌డేట్, మొదటిది కమిట్ అయ్యేదాకా ఆగి షరతును మళ్లీ చూసుకుంటుంది.

యూపీఐ పూర్తయ్యేదాకా ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచొద్దు, కనెక్షన్ పూల్ (డేటాబేస్‌కు సిద్ధంగా ఉంచే కనెక్షన్ల గుంపు) ఖాళీ అవుతుంది. హోల్డ్ గడువు కాలమ్‌లో రాయండి, 8 నిమిషాలు చాలు. సమయం డేటాబేస్ గడియారానిదే తీసుకోవాలి. గడువు దాటాక డబ్బు వస్తే? ఖరారు చేసే అప్‌డేట్‌లోనూ బుకింగ్ ఐడీ సరిచూడండి, 0 వరుసలైతే రీఫండ్. చాలామంది వదిలేసేది ఇదే, ప్రయాణికుడు బస్సెక్కాక గొడవయ్యేదీ దీనివల్లే.

కూకట్‌పల్లి_జావా:
నాలుగు సీట్లు కలిపి తీసుకుంటే?

గచ్చిబౌలి_డీబీ:
ఒకే ట్రాన్సాక్షన్, సీటు నంబర్లు చిన్నదాని నుంచి పెద్దదానికి. ఒకరు 7 తర్వాత 8, ఇంకొకరు 8 తర్వాత 7 పట్టుకుంటే డెడ్‌లాక్, ఒకరికోసం ఒకరు ఆగిపోతారు. పోస్ట్‌గ్రెస్ 1 సెకను ఆగి, కనిపెట్టి ఒకదాన్ని రద్దు చేస్తుంది, ఎర్రర్ 40పీ01. నాలుగింటిలో ఒక్కటి దొరక్కపోయినా రోల్‌బ్యాక్, అంటే మొత్తం వెనక్కి.

అమీర్‌పేట_థ్రెడ్స్:
టెస్టుకి 50 థ్రెడ్లు, ఒకే సీటు. అన్నిటినీ కౌంట్‌డౌన్‌లాచ్ దగ్గర ఆపి ఒక్కసారే వదలండి. లాచ్ లేకపోతే మొదటి థ్రెడ్ పని ముగించాక చివరిది మొదలై, తప్పున్న కోడ్ కూడా పాసైపోతుంది. హికారీ (జావా కనెక్షన్ పూల్ లైబ్రరీ) పూల్ డిఫాల్టు 10 కనెక్షన్లే, టెస్టులో పెంచండి. వందలసార్లు తిప్పినా ప్రతిసారీ గెలిచింది ఒక్కటే రావాలి.