అమ్మ 2జీ కీప్యాడ్ ఫోన్ తీసేసి 4జీ కీప్యాడ్ కొనమంటారా?

ఉద్దానం_పిల్ల:
అమ్మ పలాసలో జీడి కార్ఖానాకి వెళ్తుంది. నేను విజయనగరంలో ఉంటాను. ఆవిడ దగ్గరున్నది పాత 2జీ కీప్యాడ్ ఫోను. అంకెలన్నీ అరిగిపోయాయి, 5 మీద బొడిపె ఒక్కటే మిగిలింది. దాన్ని తడుముకునే మిగతావి నొక్కేస్తుంది. చార్జింగ్ మాత్రం ఆదివారం పెడితే మళ్ళీ ఆదివారం దాకా చూసుకోనక్కర్లేదు.

టచ్ ఫోన్ కొనమని మాత్రం చెప్పకండి, ఆ ముచ్చటా అయింది. జీడిరసం తగిలి తగిలి వేళ్ళు నల్లబడి గరుకెక్కిపోయాయి. స్క్రీన్ మీద ఎంత రాసినా కాల్ ఎత్తడం అవ్వదు, ఈలోగా కట్టయిపోతుంది.

ఇప్పుడు ఇబ్బంది ఏటంటే, ఆ సిమ్‌కి ఇంట్లో సిగ్నల్ లేదు. పెరట్లో కొబ్బరిచెట్టు కిందకెళ్తే గానీ మాట వినబడదు. తమ్ముడి జియోకి మాత్రం వంటింట్లో కూడా నిండుగా ఉంటుంది. 4జీ కీప్యాడ్ కొందామంటే చార్జింగ్ ఆగదంటున్నారు. మా వైపు కరెంటు సంగతి తెలిసిందే, 2018లో తిత్లీ తుఫాను అప్పుడు చూశాం కదా. వాడినవాళ్ళు చెప్పండి.

కాశీబుగ్గ_రిపేరు:
చెల్లీ, జియోకి 2జీ లేదు. ఆ సిమ్ అమ్మగారి ఫోన్లో పెడితే ఉలకదు పలకదు. ఆ సిగ్నల్ కావాలంటే 4జీ సెట్టు తప్పదు. గొంతు తేటగా వినిపిస్తుంది, కాకపోతే అవతలివాళ్ళూ 4జీలోనే ఉండాలి.

చార్జింగ్ మాట నిజమే. పాతవాటిలో బ్యాటరీ వెయ్యి ఎంఏహెచ్ అటూ ఇటూ, కొత్తవాటిలో కొన్నిటికి 1,450 ఉంటుంది. అయినా రెండు మూడు రోజులే. సిగ్నల్ సన్నగా ఉన్నచోట టవర్ కోసం వెతుకుతూ ఇంకా తాగేస్తుంది. మీ ఇంట్లో నిండుగా ఉందంటున్నావు కాబట్టి అంత బాధ ఉండదు.

2023లో 999 రూపాయలకి వచ్చిన జియోభారత్ కీప్యాడ్ ఫోన్ తీసుకుంటే అందులో వేరే కంపెనీ సిమ్ పనిచెయ్యదు. కొనుక్కుని నా దగ్గరకొచ్చి ఎయిర్‌టెల్ వేసిమ్మంటారు, నేనేం చేస్తాను? రెండు సిమ్ముల మామూలు 4జీ సెట్టు తీసుకో. పాత నంబరు వదలొద్దు, బ్యాంకూ ఆధారూ దానికే ఉంటాయి. ఇంకోటి, పేర్లు సిమ్‌లో ఉన్నాయా ఫోన్లో ఉన్నాయా చూడు. ఫోన్లో ఉంటే ముందు సిమ్‌లోకి కాపీ చెయ్యాలి. ఎక్స్చేంజికి ఇచ్చేశాక లబోదిబోమంటే లాభం లేదు.

నరసన్నపేట_మేష్టారు:
నేను 4జీ కీప్యాడే వాడుతున్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి. మాట బాగుంది, మీటలే బాగోలేదు. పాతదాంట్లో నొక్కితే టిక్కుమనేది, ఇది పడిందో లేదో తెలీదు. టార్చి పైమీట నొక్కి పడితే వెలిగేది, ఇప్పుడు మెనూలోకి వెళ్ళాలి. మెనూ నిండా అక్కర్లేని బొమ్మలు. షాపులో డబ్బాలోంచి తీయించి, అమ్మగారి చేత నొక్కించి మరీ కొనండి.

డబ్బు పంపడం కోసమైతే మాత్రం మార్చనక్కర్లేదమ్మా. రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలో తెచ్చిన యూపీఐ 123పే ఉంది. నెట్ లేకుండా మామూలు కాల్ మీదే పంపొచ్చు, 2జీ ఫోన్లోనూ నడుస్తుంది.

ఇచ్ఛాపురం_బావ:
తిత్లీ అప్పుడు మా నాన్న ఫోన్లో చార్జింగ్ ఫుల్లుగుంది, టవరే పోనాది. ఏటి సేస్తాం, టార్చి ఏసుకుని కూకున్నాం.

ఉద్దానం_పిల్ల:
బావగారూ, అదీ నిజమే! చార్జింగ్ గురించి అంత బెంగ అక్కర్లేదేమో. మూడు రోజులకోసారి పెట్టడం అమ్మకి అలవాటవుతుంది, చీకట్లో పెరట్లోకెళ్ళి మాట్లాడటం మాత్రం నాకు నచ్చట్లేదు. రెండు సిమ్ములదే తీసుకుంటాం. పాతది అమ్మెయ్యను, జాకెట్టు సంచిలో టార్చికైనా ఉంటుంది. రిపేరన్నా, ఆదివారం షాపు తీస్తావా?

కాశీబుగ్గ_రిపేరు:
మధ్యాహ్నం దాకా ఉంటాను. కొత్తదానికి చిన్న సైజు నానో సిమ్ అయితే కొన్నచోట పాత సిమ్‌ని కత్తెరతో కొయ్యనివ్వకు, నా దగ్గర కట్టర్ ఉంది.