క్రిస్మస్‌కి బొమ్మ బట్టలు: శాంటా టోపీ, సాక్సులు, నాప్‌కిన్లతో ఏం కుట్టొచ్చు?

సూదీదారం అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మా అక్క కూతురికి ఆరేళ్లు. దాని బొమ్మలకి ఈసారి క్రిస్మస్ బట్టలు నేనే కుట్టి ఇద్దామనుకుంటున్నాను. ఒకటి 18 అంగుళాల బొమ్మ, రెండోది బార్బీ. విడిగా గుడ్డ కొనాలని లేదు. బొమ్మ గౌనుకి పట్టేది మూరెడు కూడా ఉండదు, మిగతాదంతా బీరువాలో మూలుగుతుంది. అందుకే రెడీమేడ్ సామాను పోగేశాను: తెల్ల బొచ్చు అంచున్న ఎర్ర శాంటా టోపీ, మోకాళ్ల దాకా వచ్చే ఊలు సాక్సులు, బంగారు రంగు అంచున్న టేబుల్ నాప్‌కిన్లు, తాడు లాగితే మూసుకునే చిన్న నెట్ సంచులు, ఒక జత అల్లిక గ్లవ్స్.

మిషన్ మీద తిన్నగా కుట్టగలను, జిగ్‌జాగ్ కూడా వచ్చు. కానీ కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడటం లేదు. ఉన్నది ఒకే టోపీ, ఎక్కడ కోయాలి? ఊలు సాక్సు కోస్తే అల్లిక ఊడిపోదా? ఇంకో సంగతి, పిల్ల తనంతట తను బొమ్మకి తొడిగి విప్పేలా ఉండాలి. ప్రతిసారీ పెద్దవాళ్లని పిలవాల్సొస్తే ఆ బట్టలు పెట్టెలోనే ఉండిపోతాయి.

బొమ్మలడాక్టర్ జవాబు:

మీరు పోగేసిన సామాను చాలా బాగుందండీ. పాత బొమ్మలు బాగుచేసి వాటికి బట్టలు కుట్టడమే నా పని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

రెడీమేడ్ వస్తువుని గుడ్డముక్కలా చూడకండి. దాని మీద ఫ్యాక్టరీలో ముందే పూర్తయిన పని ఏముందో చూడండి. మడిచి కుట్టిన అంచు, రిబ్బు (సాక్సు పైన ఉండే సాగే అల్లిక పట్టీ), తాడు దూర్చిన గొట్టం, బొచ్చు పట్టీ, ఇవే చిన్న బట్టల్లో మనల్ని ఏడిపించేవి. బార్బీ గౌనుకి కింద సన్నగా అంచు మడిచి కుట్టడం గౌను మొత్తం కుట్టడం కన్నా కష్టం. అందుకని ఆ తయారైన అంచుని బొమ్మ బట్టకి అంచుగా పెట్టేసుకుని, అక్కణ్ణుంచి పైకి కొలిచి కోయండి.

టోపీతోనే చూపిస్తాను. బొచ్చు పట్టీ దగ్గర చుట్టుకొలత 23 అంగుళాలు, ఎత్తు 15 అనుకోండి. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కదా, చుట్టుకొలత 13 అంగుళాలు వచ్చేచోట గుర్తు పెట్టండి. అది కింది నుంచి దాదాపు ఆరున్నర అంగుళాల ఎత్తులో వస్తుంది. అక్కడ అడ్డంగా కోస్తే కింది ముక్క పక్క కుట్లు వెయ్యనక్కర్లేని, కిందికి విచ్చుకున్న బొచ్చు అంచు స్కర్టు. పైన అరంగుళం మడిచి ఎలాస్టిక్ దూర్చండి. 18 అంగుళాల బొమ్మలకి నడుము సాధారణంగా 11 అంగుళాల దగ్గర్లో ఉంటుంది, 13 అయితే తుంటి మీంచి సులువుగా ఎక్కుతుంది. పారేయాలనిపించే పై ముక్క ఉందే, కుచ్చు బంతితో సహా, అదే బొమ్మకి టోపీ! కోసే ముందు తల చుట్టుకొలత జుట్టుతో కలిపి ఒకసారి కొలవండి, గుర్తుని అరంగుళం అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇలా ఒకే కోతలో రెండూ వచ్చేస్తాయి. ఈ టోపీలు ఎక్కువగా ఫెల్ట్‌తోనో ఫ్లీస్‌తోనో చేస్తారు, వాటికి పోగులు లేవవు, అంచు మడవకపోయినా ఫర్వాలేదు. వెల్వెట్ అయితే మాత్రం జిగ్‌జాగ్ వెయ్యాలి. ఇస్త్రీ కూడా తువ్వాలు పరిచి తిరగేసి చెయ్యాలి, లేకపోతే నూగు అణిగిపోయి మచ్చలా కనిపిస్తుంది.

బొచ్చు కోయాల్సి వస్తే వెనక నుంచి, బ్లేడుతో, అడుగు గుడ్డ వరకే తెగేలా గీయండి. కత్తెరతో పైనుంచి కోస్తే బొచ్చు కొసలు తెగి ఆ చోట బోసిగా కనిపిస్తుంది.

సాక్సుల గురించి మీ భయం న్యాయమే. మందు ఒకటే: ముందు కుట్టు, తర్వాత కోత. కోయాలనుకున్న గీతకి రెండు పక్కలా జిగ్‌జాగ్ వేసేసి మధ్యలో కోయండి. అల్లిక గుడ్డకి బాల్‌పాయింట్ సూది (మొన గుండ్రంగా ఉండేది) వాడితే పోగులు తెగవు. రెండు సాక్సులతో పెద్ద బొమ్మకి ఒక లెగ్గింగ్ వస్తుంది. పాదాలు తీసేసి, రిబ్బు పైకి పెట్టి, లోపలి వైపు కొంత దూరం చీల్చి రెండింటినీ కలిపి కుట్టండి. రిబ్బే నడుము పట్టీ, వేరే ఎలాస్టిక్ అక్కర్లేదు. సాక్సు మీద డిజైన్లుంటే మాత్రం చిన్నవే మంచిది. రెండంగుళాల మంచు నక్షత్రం మన కాలి మీద ముద్దుగానే ఉంటుంది కానీ బొమ్మ కాలి మీద ఉన్నదంతా అదే అయిపోతుంది.

నాప్‌కిన్‌కి నాలుగు వైపులా అంచు ఉంది, వదులుకోకండి. బంగారు అంచు కిందికి వచ్చేలా 8 అంగుళాల పట్టీ కోస్తే పెద్ద బొమ్మ గౌనుకి కుచ్చుల స్కర్టు అవుతుంది. దాని రెండు కొసలూ కూడా ముందే మడిచి కుట్టినవే, అవి వీపు వెనక తెరుచుకునే అంచులవుతాయి. అటు చివరి అంచుతో బార్బీకి ఇంకో స్కర్టు, మధ్య ముక్కలో పై భాగాలు. బార్బీకి గుడ్డ మందంగా ఉంటే కుచ్చులు వద్దు, నడుము ఉబ్బిపోతుంది.

పిల్ల సొంతంగా తొడగాలంటే గౌను వీపు మెడ నుంచి కిందిదాకా తెరుచుకోవాలి. సన్నటి వెల్క్రో వెయ్యండి, గరుకు పట్టీ బొమ్మ ఒంటివైపు కాకుండా బయటికి చూసేలా. లోపలికి ఉంటే తొడిగేటప్పుడల్లా జుట్టు పట్టుకుని లాగుతుంది. చిన్న బట్టల్లో చేతులు చివర్లో ఎక్కించడం నరకం. పక్క కుట్లు వెయ్యకముందే, గుడ్డ పరిచి ఉండగానే చేతులు అతికించి, తర్వాత చేతి అంచు నుంచి నడుము దాకా ఒకే కుట్టు వెయ్యండి. కుట్టుకి వదిలే గుడ్డ పెద్ద బొమ్మకి పావు అంగుళం, బార్బీకి అందులో సగం చాలు. కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు.

దయచేసి గుర్తుపెట్టుకోండి, బొమ్మకి తొడగకముందే ఎర్ర గుడ్డ రంగు దిగుతుందేమో చూడండి. ఎరుపు, ముదురు ఆకుపచ్చ, నలుపు రంగులు వినైల్‌లోకి, అంటే బొమ్మ ఒంటి ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతాయి. మెడ చుట్టూ గులాబీ మరకతో నా దగ్గరికి వచ్చే బొమ్మల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

గ్లవ్స్‌రాణి జవాబు:

గ్లవ్స్ సంగతి నేను చెప్తాను. మణికట్టు దగ్గరి రిబ్బు గొట్టం బార్బీకి అచ్చంగా స్వెటర్ ఒళ్లు, వేళ్లు స్వెటర్ చేతులు. వేలి కొసలు జిగ్‌జాగ్ వేసి కోసెయ్యండి. సాక్సుల్లోంచి తీసేసిన పాదాలు పారేయకండి, ముందు భాగం అంచు చుట్టి మడిస్తే పెద్ద బొమ్మకి ఊలు టోపీ అవుతుంది. నెట్ సంచి అడుగు కోసేస్తే తాడుతో సహా బార్బీకి పై స్కర్టు రెడీ. కింద అంచుకి వంకీల కత్తెర చాలు. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి, ముడుచుకుపోతుంది.

పెద్ద బొమ్మ వేళ్లు అల్లిక చేతుల్లో చిక్కుకుంటాయి. బొమ్మ చేతికి చిన్న ప్లాస్టిక్ కవరు తొడిగి దూర్చితే జర్రున జారుతుంది, తర్వాత కవరు లాగేయొచ్చు.

సూదీదారం:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఒక టోపీలో రెండు వస్తాయని అనుకోనేలేదు! కొలిచాను, బొమ్మ తల జుట్టుతో 13కి కొంచెం తక్కువే. కానీ తడి తెల్లగుడ్డతో రుద్దితే లేత ఎరుపు అంటుకుంది. అదే టెన్షన్. టోపీ పక్కన పెట్టేయాలా?

బొమ్మలడాక్టర్:

అక్కర్లేదండీ. గోరువెచ్చటి నీళ్లలో విడిగా ఉతికి, ఆరాక మళ్లీ తెల్లగుడ్డతో రుద్ది చూడండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి. బొచ్చు పట్టీకి ఎరుపు అంటకుండా తడిగా మడత పెట్టకుండా, పరిచి ఆరేయండి. అప్పటికీ కాస్త దిగుతుంటే స్కర్టుకీ టోపీకీ లోపల తెల్ల కాటన్ లైనింగ్ వెయ్యండి. స్కర్టు లైనింగ్ నడుము మడతలోకి వెళ్లిపోతుంది, ఎలాస్టిక్ అక్కడే కాబట్టి అదనపు పని లేదు. ఎంత ఉతికినా సరే, లైనింగ్ ఉన్నా సరే, ఆట అయ్యాక ఎర్రబట్టలు విప్పి పెట్టమని పిల్లకి చెప్పండి. రోజుల తరబడి ఒంటి మీదే ఉంటే, అందులోనూ వేడి తగిలేచోట ఉంటే, మరక దిగేది అప్పుడే.

అన్నట్టు, ఆ ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే పూసలూ గంటలూ కుట్టకండి, టోపీ కుచ్చు బంతి కూడా లాగి చూసి గట్టిగా రెండోసారి కుట్టండి.