రిసిపియెంట్ కణాల్లో పచ్చ చుక్కల లెక్క: థ్రెషోల్డ్ ఎంత పెట్టాలి?

పచ్చచుక్క:
పొద్దున్నుంచి ఇదే పని, తల తిరిగిపోతోంది. డోనర్ (ఇచ్చే) కణాల నుంచి రిసిపియెంట్ (తీసుకునే) కణాల్లోకి ఎక్సోజోమ్‌లు, అంటే కణాలు బయటికి వదిలే అతి చిన్న సంచులు, ఎన్ని వెళ్తున్నాయో లెక్కపెట్టాలి, అంతే. ఇమేజ్ సాఫ్ట్‌వేర్ ఫిజీలో థ్రెషోల్డ్ (ఎంత మెరుపు దాటితే చుక్కగా లెక్కించాలనే హద్దు) పెట్టి, చుక్కలు లెక్కపెట్టే ఎనలైజ్ పార్టికల్స్ కొడుతున్నాను. ఒక ఫీల్డ్‌లో కణానికి మూడు నాలుగు చుక్కలు, పక్క ఫీల్డ్‌లో నలభై. ఆటో పద్ధతుల్లో ఓట్సు పెడితే ఒక లెక్క, ట్రయాంగిల్ పెడితే ఇంకో లెక్క. పైగా రెండు రకాల కణాలనూ కలిపిన వెంటనే తీసిన సున్నా గంటల శాంపిల్‌లో కూడా చుక్కలున్నాయి! రేపు మా గైడ్‌కి గ్రాఫ్ చూపించాలి, ఒకటే టెన్షన్. సరైన థ్రెషోల్డ్ ఎంతో ఎవరైనా చెప్పండి ప్లీజ్. ప్రోటోకాల్ మామూలుదే, అందరూ చేసేదే.

కంట్రోల్ ఎక్కడ:
ఏ డై? కంట్రోల్ ఏది?

లెన్సు మాస్టారు:
థ్రెషోల్డ్ సంగతి తర్వాత. దేనిలో పెట్టి చూస్తున్నారు? అడుగు ప్లాస్టిక్ అయితే ఎంత మంచి ఆయిల్ ఆబ్జెక్టివ్ ఉన్నా దండగే. ఆ ఆబ్జెక్టివ్‌లను 0.17 మిల్లీమీటర్ల గాజు కోసం, అంటే నంబర్ 1.5 కవర్‌స్లిప్ కోసం తయారుచేస్తారు. ల్యాబ్‌లో చేతికందిన నంబర్ 1 పెట్టేసి, చుక్క నిలువునా సాగిందేమిటని అడిగేవాళ్లను చాలామందిని చూశాను. ఇంకోటి. 1.4 న్యూమరికల్ అపెర్చర్ ఉన్నా పచ్చ కాంతిలో అడ్డంగా 200 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ, నిలువుగా 500 పైనే రిజల్యూషన్. మీ వెసికిల్ (ఆ చిన్న సంచి) సైజు 100 నానోమీటర్ల దగ్గర. కాబట్టి మీకు కనిపించేది వెసికిల్ ఆకారం కాదు, దాని మసక. ఆ మసకలో ఒకటుందో పదున్నాయో తేలదు. "ఎన్ని వెళ్లాయి" అని కాక "ఎన్ని చుక్కలు" అని రాసుకోండి. జేపెగ్‌లో సేవ్ చేసి ఉంటే మాత్రం ఆ ఫైళ్లు తీసి పారేయండి.

పచ్చచుక్క:
జేపెగ్ కాదు సార్, మైక్రోస్కోప్ ఇచ్చిన ఒరిజినల్ ఫైలే. గాజు అడుగున్న డిష్, కాన్ఫోకల్. కొన్ని ఫీల్డ్‌లు మరీ డల్‌గా ఉన్నాయని గెయిన్ (సిగ్నల్‌ను పెద్దది చేసే సెట్టింగ్) అక్కడక్కడా పెంచాను. డోనర్లకు పీకేహెచ్ 67, కణ పొరకు పట్టే పచ్చ డై. రిసిపియెంట్లకు అదే రకం ఎర్ర డై పీకేహెచ్ 26 వేశాను కదా, ఎర్రగా ఉన్నవి రిసిపియెంట్లు, వాటిలో పచ్చ చుక్క కనిపిస్తే ట్రాన్స్‌ఫర్ జరిగినట్టు.

కంట్రోల్ ఎక్కడ:
"వేశాను కదా" ఏంటండీ, ఇప్పుడేగా చెప్పారు. ఫీల్డ్‌కో గెయిన్ పెడితే ఏ థ్రెషోల్డూ పనికిరాదు. కంట్రోల్ సంగతి ఇంకా చెప్పలేదు.

వెసికిల్ వాది:
అసలు వాటిని ఎక్సోజోమ్‌లని ఎలా అంటున్నారు? కణం లోపలి ఎండోజోమ్ అనే సంచిలో పుట్టాయని చూపించారా? వెసికిల్ పరిశోధనలకు 2018లో వచ్చిన మైసెవ్ మార్గదర్శకాలు చూడండి, 2023 కూర్పులోనూ అదే ఉంది. పుట్టుక చూపించలేనప్పుడు ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్ అనే అనాలి. కణ పొర నుంచి నేరుగా ఊడిపడేవీ ఉంటాయి, సైజు చూసి ఏది ఏదో చెప్పలేం. రివ్యూయర్ మొదట పట్టుకునేది ఇదే.

రాత్రి షిఫ్ట్:
వెసికిల్ వాది గారూ, అది పేపర్ రాసేటప్పటి మాట. ఈయన దగ్గర వెసికిల్ అనేది ఉందో లేదో కూడా ఇంకా తేలలేదు.

పచ్చచుక్క గారూ, రెండు కణాలనూ ఒకే డిష్‌లో కలిపి పెంచారా, లేక డోనర్ల సూపర్‌నేటెంట్ (కణాలు తీసేసిన మీడియం) తీసి రిసిపియెంట్ల మీద పోశారా? స్టెయిన్ చేశాక దేనితో ఆపారు, ఎలా కడిగారు? స్కాన్ చేసేటప్పుడు రెండు లేజర్లూ ఒకేసారి వెలిగాయా, వంతులవారీగానా?

పచ్చచుక్క:
ఒకే డిష్‌లో కో-కల్చర్, 24 గంటలు. స్టెయిన్ చేశాక పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో ఒకసారి కడిగాను. లేజర్లు రెండూ ఒకేసారి, త్వరగా అవుతుందని. కంట్రోల్ అంటే స్టెయిన్ చేయని డోనర్లు పెట్టాను, దాంట్లో చుక్కలు చాలా తక్కువ. అది చాలదా?

రాత్రి షిఫ్ట్:
చాలదు. ఆ కంట్రోల్ చెప్పేది ఒక్కటే: పచ్చదనం ఎక్కువ భాగం డై నుంచి వచ్చింది, కణం సొంత మెరుపు నుంచి కాదు. ఆ డై వెసికిల్ ఎక్కి వచ్చిందా, తనంతట తానే వచ్చిందా అన్నది అది చెప్పదు.

పీకేహెచ్ డైలకు నీళ్లంటే పడదు. పొరలో ఇమడక మిగిలినది నీటిలో గుంపులు కట్టి, దాదాపు వెసికిల్ సైజులోనే నలుసులవుతుంది. రిసిపియెంట్ కణం వాటినీ మింగేస్తుంది. రంగు వెలిసే బట్ట పక్క బట్టకు అంటించినట్టు, ఆనుకున్న కణాల పొరల మధ్య కూడా డై మారుతుంది. మీ సున్నా గంటల చుక్కలకు నేను మొదట అనుమానించేది ఈ మిగులు డైనే. స్టెయినింగ్‌ను సీరంతో గానీ బీఎస్ఏ అనే ప్రోటీన్‌తో గానీ ఆపి, తర్వాత సీరం ఉన్న మీడియంతోనే రెండు మూడు సార్లు కడగాలి. ఒక్కసారి పీబీఎస్‌తో ఆ జిడ్డు పోదు.

ముఖ్యంగా ఒక వెల్ (ప్లేటులోని గుంట) కోసం డోనర్ కణాలు లేకుండా డైని మాత్రమే అదే మోతాదులో తీసుకుని, అవే ఆపడాలూ అవే స్పిన్‌లూ చేసి రిసిపియెంట్ల మీద పోయండి. దాంట్లో ఎన్ని చుక్కలొస్తాయో చూసేదాకా మీ లెక్కకు అర్థం లేదు.

ఇక లేజర్ల సంగతి. పీకేహెచ్ 67 ఉద్గారం 502 నానోమీటర్ల దగ్గర శిఖరం, కానీ దాని తోక ఎర్ర ఛానెల్లోకి సాగుతుంది. రెండు లేజర్లూ ఒకేసారి వెలిగితే బాగా మెరిసే డోనర్ కణం ఎర్రగా కూడా కనిపిస్తుంది. మీరు "ఎర్రది కాబట్టి రిసిపియెంట్" అంటున్నారు. ఒక ఫీల్డ్‌లో నాలుగు, పక్కదాంట్లో నలభై రావడానికి ఇదే కారణమైనా ఆశ్చర్యం లేదు, డోనర్లనే లెక్కపెట్టి ఉండొచ్చు. ఒక్క పచ్చ మాత్రమే వేసిన డిష్, ఒక్క ఎరుపు మాత్రమే వేసిన డిష్ పెట్టుకుని రెండు ఛానెళ్లలోనూ చూడండి. స్కాన్ వంతులవారీగా చేయండి.

లెన్సు మాస్టారు:
జెడ్-స్టాక్ (వేర్వేరు లోతుల్లో వరుస ఇమేజ్‌లు) తీశారా, వాటన్నిటినీ ఒకే ఇమేజ్‌గా కలిపిన మ్యాక్స్ ప్రొజెక్షన్ మీద లెక్కపెట్టారా? ప్రొజెక్షన్‌లో కణం పైన వాలిన డోనర్ కొమ్మ కూడా లోపలున్నట్టే కనిపిస్తుంది. పక్క నుంచి నిలువుకోత చూపే ఆర్తోగోనల్ వ్యూ చూడాలి. కవర్‌స్లిప్ నంబర్ ఇంకా చెప్పలేదు.

సైటో సూరి:
ఇంత తంటా ఎందుకు, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి మెరుపు కొలిచే ఫ్లో సైటోమెట్రీలో పెట్టేయండి. వేల కణాలు, నిమిషాల్లో పని.

కంట్రోల్ ఎక్కడ:
ఫ్లో లోపలిదీ పైన అంటుకున్నదీ వేరుచేయదు. డోనర్, రిసిపియెంట్ జంటగా అంటుకుని వెళ్లినా డబుల్ పాజిటివే.

సైటో సూరి:
డబ్లెట్లను (ఆ జంటలను) గేట్ చేసి, అంటే డేటాలో వడకట్టి తీసేయొచ్చండీ. ట్రిప్సిన్ కొడితే పైన అంటుకున్నది చాలావరకు పోతుంది. ఫ్లో అంటే అందరికీ చులకన.

వెసికిల్ వాది:
అన్నీ సరే గానీ, ఒకే డిష్‌లో పెంచి దాన్ని వెసికిల్ ట్రాన్స్‌ఫర్ అనడమే తప్పు. కణాల మధ్య సన్నటి నాళాలు ఉంటాయి, టన్నెలింగ్ నానోట్యూబ్‌లు, 2004లోనే వర్ణించారు. వాటి గుండా వెసికిళ్లు లోపలే కదిలిపోతాయి, బయటికి రానే రావు. మీడియంలోంచి వచ్చి చేరితే అప్‌టేక్ అనండి. రెండిటికీ కలిపి ట్రాన్స్‌ఫర్ అంటే ఏం కొలిచినట్టు?

రాత్రి షిఫ్ట్:
ఈసారి మీతో ఏకీభవిస్తాను. దానికి రెండు రకాల కణాల మధ్య 0.4 మైక్రాన్ల రంధ్రాలున్న పొర ఉండే ట్రాన్స్‌వెల్ వేస్తే కణాలు తాకవు, చిన్న వెసికిళ్లు దాటుతాయి. ఒకే డిష్‌లో వచ్చి ట్రాన్స్‌వెల్‌లో రాకపోతే స్పర్శ మీద ఆధారపడిందని అనుమానించాలి. డై నలుసులు కూడా ఆ రంధ్రాల్లోంచి దాటతాయి కాబట్టి డై మాత్రమే వేసిన వెల్ అక్కడా ఉండాలి. పక్కన 4 డిగ్రీల దగ్గర ఒక డిష్ పెడితే ఎండోసైటోసిస్ (కణం మింగడం) ఆగుతుంది, అప్పటికీ మిగిలే చుక్కలు చాలావరకు పైన అంటుకున్నవే.

వీలుంటే డై మానేసి డోనర్లలో వెసికిళ్ల పొరలో ఉండే సీడీ63 అనే ప్రోటీన్‌కి ఫ్లోరోసెంట్ ప్రోటీన్ తగిలించండి. పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ, కణం అరిగించుకునే సంచి అయిన లైసోజోమ్ ఆమ్లంలో ఆరిపోతుంది, ఎర్రగా మెరిసే ఎంచెర్రీ తట్టుకుంటుంది. డైతో వచ్చే తంటా సరిగ్గా దీనికి తిరగేసి: వెసికిల్ అరిగిపోయినా డై అలాగే ఉండిపోతుంది. 24 గంటల తర్వాత మీరు లెక్కపెట్టే చుక్కల్లో ఎన్ని ఇంకా వెసికిళ్లో డై చెప్పలేదు. ఇంకా ముందు టైమ్‌పాయింట్లు తీయండి.

థ్రెషోల్డ్ అంటారా, గెయిన్, లేజర్ పవర్ అన్ని డిష్‌లకూ ఒకటే పెట్టి, డై మాత్రమే వేసిన వెల్‌లో దాదాపు ఏమీ మిగలని విలువ తీసుకుని అదే అన్నిటికీ వాడండి. ఇమేజ్ ఇమేజ్‌కూ ఆటో వద్దు. ఏ శాంపిలో తెలియకుండా పేర్లు మార్చి ఇంకొకరితో లెక్కపెట్టిస్తే ఇంకా మంచిది.

కంట్రోల్ ఎక్కడ:
గ్రాఫ్‌లో ఎన్ అంటే వేర్వేరు ప్రయోగాల సంఖ్య. కణాల సంఖ్య కాదు.

పచ్చచుక్క:
గైడ్‌కి మెసేజ్ పెట్టాను, గ్రాఫ్ వచ్చే వారానికి జరిగింది. డై మాత్రమే వెల్, సింగిల్ స్టెయిన్ డిష్‌లు ఇప్పుడే వేశాను. థ్యాంక్సండీ.

లెన్సు మాస్టారు:
కవర్‌స్లిప్?

కొత్తసభ్యుడు:
నాదీ ఇదే సమస్య, కానీ డీఐడీ అనే ఇంకో పొర డై వాడుతున్నాను, సూపర్‌నేటెంట్ పద్ధతి. వెసికిళ్లను స్టెయిన్ చేశాక 1,00,000 జీ దగ్గర స్పిన్ చేస్తే మిగులు డై కూడా వెసికిళ్లతోపాటే అడుగుకు వచ్చేస్తోంది. సైజును బట్టి వేరుచేసే సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్‌తో వేరుచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?