మిద్దె తోటలో టమాట కాయల అడుగు నల్లబడుతోంది, ఏం చేయాలి?

నమస్కారం. తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద జనవరిలో 12 కుండీల్లో టమాట నారు నాటాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేశాను. మొక్కలు నడుమెత్తు పెరిగి గుత్తులుగా కాశాయి. అయితే కాయ నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున, అంటే పువ్వు రాలిన చోట, ముందు నీరు పట్టినట్టు ఒక మచ్చ కనిపించి, వారం తిరగకముందే అది నల్లగా, తోలులా మారి లోపలికి కుంగిపోతోంది. కోసి చూస్తే పురుగు లేదు. పక్కనే ఉన్న వంగ, బెండ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

కాయకు కాల్షియం అందకపోతే ఇలా అవుతుందని, తడి ఒకేలా లేకపోతే మట్టిలో కాల్షియం ఉన్నా కాయ దాకా చేరదని చదివాను. నా సందేహమల్లా అక్కడే. మా బోరు నీళ్లకు కుండీల అంచుల మీద తెల్లటి పొర పేరుకుంటుంది, అంటే నీళ్లలోనే కాల్షియం ఉన్నట్టుంది కాబట్టి, కాల్షియం కోసం అందరూ చెప్పే గుడ్డు పెంకుల పొడి వేయడం దండగేనా? ఉద్యోగం వల్ల ఉదయం ఒక్క పూటే నీళ్లు పోయగలను, మధ్యాహ్నానికల్లా మట్టి ఎండి కుండీ అంచును వదిలేస్తోంది. పైన వేరుశనగ పొట్టు మందంగా పరిస్తే సరిపోతుందా, లేక సాయంత్రం కూడా తడి తప్పదా?

ఎండలు 35 డిగ్రీలు దాటాక పూత కూడా రాలుతోంది. 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కడితే కాపు తగ్గుతుందేమోనని వెనకాడుతున్నాను. మదనపల్లె టమాటాకు ఇంత దగ్గరలో ఉండి అంగట్లో కొంటున్నామని ఇంట్లో ఎత్తిపొడుస్తున్నారు. ఈ ఎండల్లో మిద్దె మీద పండించినవారు దయచేసి తమ అనుభవం తెలుపగలరు.