బ్రేక్ ఇన్‌స్పెక్షన్‌లో పాసైన నా పాత యెజ్డీ బైకుకి మూడు వారాల్లోనే బ్రేకు పోయింది. ఈసారి రెన్యువల్‌కి ముందు ఏం చూపించుకోవాలి?

ప్రశ్న (ఖమ్మం నుంచి):
అన్నలందరికీ నమస్తే. నాన్న 1986లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్ ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. నాన్న పోయాక ఆర్సీ నా పేరు మీదకి మార్పించుకున్నా. ఈ నవంబరుతో ఐదేళ్ల గడువు అయిపోతుంది. పోయినసారి, 2021లో, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు చూసి పాస్ చేశారు. మూడు వారాలు తిరక్కుండానే ఊరి బయట దిగుడులో వెనక బ్రేకు తొక్కితే పెడల్ కిందికంటా పోయింది. ముందు బ్రేకు సగమే పట్టింది. వెనక సీట్లో అమ్మ ఉంది. గేర్లు దించుకుంటూ పక్కనున్న కంకర కుప్పలోకి పోనిచ్చి ఆపా. తర్వాత చక్రం విప్పిస్తే, డ్రమ్ముకి రాసుకుని చక్రాన్ని ఆపే లైనింగు పొర దాన్ని అతికించిన షూ నుంచి పూర్తిగా ఊడి ముక్కలై డ్రమ్ములోంచి రాలింది.
మరి ఆ పాస్ కాగితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ఆ రోజు సరిగా చూడలేదా, లేక అక్కడ చూసేదే అంతేనా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి):
తమ్ముడూ, అమ్మ క్షేమంగా ఉంది, ముందు అది సంతోషం. ముప్పై ఏళ్లుగా జావాలు, యెజ్డీలు విప్పి బిగిస్తున్నా కాబట్టి చెప్తున్నా. అక్కడ చూసేది చాలావరకు పైపైనే. చాసిస్ నంబరు ఆర్సీతో కలుస్తుందా, హెడ్‌లైటు, బ్రేక్ లైటు, హారను, ఇండికేటర్లు, అద్దాలు, నంబరు ప్లేటు, టైర్లు చూస్తారు. ఆవరణలో ఓ చుట్టు తిప్పి బ్రేకు కొట్టి చూస్తారు. చక్రం ఊడదీయరు. ఎంత నిజాయితీగల ఇన్‌స్పెక్టరైనా డ్రమ్ము లోపలికి చూడలేడు కదా.
యెజ్డీతో ఇంకో ఇబ్బంది ఉంది. బ్రేకు షూలు డ్రమ్ములో, చైనేమో రేకు కేసులో, రబ్బరు గొట్టాల్లో. ప్రాణాల మీదకి తెచ్చే రెండూ బయటికి కనపడవు. పైగా ఆవరణలో ఇరవై స్పీడులో ఒక్కడే కూర్చుని కొట్టే బ్రేకు ఒకటి, రోడ్డు మీద అరవైలో ఇద్దరితో కొట్టే బ్రేకు ఒకటి. వేగం మూడింతలైతే బ్రేకు మింగాల్సిన శక్తి తొమ్మిదింతలు. సగం చచ్చిన లైనింగు కూడా ఇరవైలో బండిని ఆపేస్తుంది.
ఒక్క మాట అడుగుతా. 2021లో తీసుకెళ్లే ముందు మెకానిక్కు బ్రేకు బిగించాడా?

ప్రశ్న అడిగినవారు:
అవునన్నా. పెడల్ లూజుగా ఉందని ఆ పొద్దున్నే వెనక అడ్జస్టర్ నట్టు మూడు నాలుగు చుట్లు తిప్పాడు. తర్వాత పెడల్ గట్టిగా, కొత్త బండిలా అనిపించింది.

జవాబు (సికింద్రాబాద్ నుంచి):
అసలు సంగతి అదే. అరిగిన లైనింగుకి నట్టు బిగిస్తే పెడల్ బాగున్నట్టే ఉంటుంది. లోపల షూలని డ్రమ్ముకి నొక్కే క్యామ్ మాత్రం దాదాపు చివరిదాకా తిరిగిపోయి ఉంటుంది. చక్రం విప్పకుండానే ఇది తెలుసుకోవచ్చు. ఒకరిని పెడల్ తొక్కి పట్టుకోమని, నువ్వు డ్రమ్ము పక్కన కూర్చుని బయటున్న క్యామ్ లివర్ చూడు. బ్రేకు పట్టినప్పుడు లివరుకి, దాన్ని లాగే కడ్డీకి లేదా కేబులుకి మధ్య కోణం తొంభై డిగ్రీల లోపే ఉండాలి. తొంభై దాటిందంటే లైనింగు పని అయిపోయినట్టే. ఇక నట్టు ముట్టుకోవద్దు, షూలు మార్చాలి. ఇన్‌స్పెక్షన్ పొద్దున నట్టు తిప్పడమంటే జ్వరమాపిని చన్నీళ్లలో ముంచి జ్వరం లేదనడమే. ఆ మెకానిక్కుని తప్పు పట్టను, అందరూ చేసే పనే. కానీ ఆ పని వల్లే ఇన్‌స్పెక్టరుకీ తెలియలేదు, నీకూ తెలియలేదు.
అతికించిన లైనింగులు పాతబడితే అరగకపోయినా ఊడతాయి. బండి నెలల తరబడి తేమలో నిలబడితే షూ తుప్పు పట్టి జిగురు వదిలేస్తుంది. అందుకని మందం చూసి ఊరుకోకు. సన్నటి స్క్రూడ్రైవర్ కొనతో లైనింగు అంచుని నాలుగు చోట్ల మెల్లగా ఎత్తి చూడు. కాస్త లేచినా ఆ షూ పనికిరాదు.
ముందు బ్రేకు కేబులు కూడా విప్పు. హ్యాండిల్ లివరులో కూర్చునే గుండు దగ్గర తీగ వంగుతుంది, పోగులు తెగేది అక్కడే. ఒక్క పోగు తెగి పైకి లేచినా కేబులు మార్చెయ్.
చైన్ కోసం రబ్బరు గొట్టం వెనక్కి లాగి, చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల వదులు చూడాలి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు ఉంటే చైనూ స్ప్రాకెట్లూ కలిపి మార్చుకో. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పు, మధ్యలో పట్టినట్టయితే స్టీరింగు బేరింగులు పోయినట్టు. చక్రం పుల్లలు (స్పోకులు) ఒక్కొక్కటే స్పానర్‌తో కొట్టి విను, వదులైనది మోగదు. టైరు మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 3214 అంటే 2014లో 32వ వారం. గాడి లోతుగా ఉన్నా ఆ వయసు టైరుతో నేనైతే వానలో బయటికి వెళ్లను.

జవాబు (లీసెస్టర్ నుంచి):
మాది గుంటూరు, ఇక్కడ పద్నాలుగేళ్లుగా ఉంటున్నా. ఈ దేశంలో ఎంఓటీ అని ఏటా పరీక్ష ఉంటుంది. బ్రేకుని కళ్లతో అంచనా వేసి వదలరు, యంత్రం మీద కొలుస్తారు. అయినా ఇక్కడా చక్రం విప్పరు. ఇంజను, గేరుబాక్సు, క్లచ్ సంగతి పట్టించుకోరు. ఆ రోజు కనీస ప్రమాణం అందుకుంది అన్నంత వరకే ఆ కాగితం. నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బళ్లకి 2018 మే నుంచి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. మీ బండి ఇక్కడ ఉంటే ఈ ఏడాది నుంచి మినహాయింపే. నా పాత బండికి మినహాయింపు ఉన్నా ఏటా డబ్బు కట్టి చేయిస్తా. ఫెయిల్ చేయకపోయినా, త్వరలో చూసుకోండి అని రాసే అడ్వైజరీ నాకు అన్నిటికన్నా విలువైనది. మీ మెకానిక్కు చేత కూడా అలాంటి చీటీ రాయించుకోండి. నోటితో చెప్పింది మర్చిపోతాం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్. పొల్యూషన్ సంగతి, ఫీజు సంగతి కూడా చెప్పండి. వింటేజ్ నంబరు తీసుకుంటే ఈ ఐదేళ్ల గొడవ ఉండదని ఒకాయన అంటున్నాడు.

జవాబు (విజయవాడ నుంచి):
వింటేజ్ మీకు రాదండి. 2021 నిబంధనల ప్రకారం బండికి యాభై ఏళ్లు నిండాలి. వచ్చినా రోజువారీ తిరగడానికి వీల్లేదు. మామూలు రెన్యువల్‌కి ఫారం 25, గడువుకి అరవై రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఇరవై ఏళ్లు దాటిన టూవీలర్‌కి 2025 ఆగస్టు నుంచి ఫీజు 2,000 రూపాయలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. ఇన్సూరెన్సు నడుస్తూ ఉండాలి.
పొల్యూషన్‌కి భయపడకండి. 2000 మార్చి 31 లోపు తయారైన టూవీలర్లకి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. సైలెన్సర్ల లోపలి గొట్టాలు తీసి మసి గీకించండి. పెట్రోల్లో కలిపే ఆయిలు ఉరామరిగ్గా కాకుండా కొలత గ్లాసుతో పోయండి. ఇంజను బాగా వేడెక్కాక చూపించండి.

జవాబు (సికింద్రాబాద్ నుంచి):
ఇంకొక్కటి తమ్ముడూ. షూలు మార్చాక వాటిని డ్రమ్ముకి సరిపడా కూర్చోబెట్టడానికి ఓ వంద కిలోమీటర్లు మెల్లగా తిప్పు. తర్వాత ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక సీటుకి బియ్యం బస్తా గట్టిగా కట్టి, నలభైలో రెండు బ్రేకులూ కొట్టి చూడు. అమ్మని ఎక్కించుకునేది ఆ తర్వాతే.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత):
అన్నా, చెప్పినవన్నీ చేయించా. వెనక లైనింగు అప్పుడు కొత్తది వేయించిందే కాబట్టి బాగానే ఉంది. ముందు షూ మాత్రం స్క్రూడ్రైవర్ తగలగానే ఒక పక్క చిన్న వేలి గోరంత లేచింది. ఈ ఐదేళ్లూ దాని మీదే తిరిగా. కేబుల్లో రెండు పోగులు తెగి ఉన్నాయి. ముందు షూలు, కేబులు, వెనక టైరు మార్పించా. మెకానిక్కు చేత చీటీ రాయించా, స్టీరింగు బేరింగులు వచ్చే వేసవిలోపు మార్చాలని రాశాడు. నిన్న పొద్దున పాతిక కిలోల బస్తా కట్టి అదే దిగుడులో కొట్టి చూశా. కంకర కుప్ప ఉన్న చోటికి చాలా ముందే ఆగింది. సెప్టెంబరులో ఆ అరవై రోజుల లోపలికి రాగానే స్లాటు బుక్ చేస్తా. ఆ పొద్దున నట్టు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వను.