అప్‌డేట్: ‘చివరకు మిగిలేది’ పూర్తి చేశాను

బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ 60 పేజీల దగ్గర ఆగిపోయింది, వదిలేయనా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. రోజుకు పది పేజీలే చదవమన్న సలహా పనిచేసింది. నిన్న రాత్రి పూర్తయింది.

మొదట్లో కథానాయకుడు దయానిధి ఆలోచనలు సాగదీసినట్టు అనిపించి విసుగొచ్చింది. తల్లి గురించి లోకం అనే మాటలు అతన్ని ఎక్కడికెళ్లినా వెంటాడుతున్నాయని అర్థమయ్యాక ఆ నెమ్మదే నచ్చింది. అతనికి దగ్గరైన అమృతం కనిపించే పేజీలన్నిటికీ పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాను. అతని భార్య ఇందిరకు మాత్రం అన్యాయం జరిగిందనే నా అభిప్రాయం. ఆమె మనసులోకి రచయిత ఇంకాస్త వెళ్లాల్సింది.

వెంటనే గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ అందుకున్నాను. చిన్నదే, రెండు రోజుల్లో అయిపోయింది. అందులో కథానాయకుడు సీతారామారావు మీద కోపం, జాలి రెండూ కలిగాయి. మధ్యలో ఒకసారి పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇప్పుడు రావిశాస్త్రి నవల ‘అల్పజీవి’ మొదలుపెట్టాను.