కాచిగూడ–మన్మాడ్ పాత లైను మ్యాపు ఎక్కడ దొరుకుతుంది?

కాచిగూడ_ప్యాసింజర్: మా తాతయ్య కాచిగూడ–మన్మాడ్ మీటర్ గేజ్ బండ్లలో గార్డుగా చేశారు. చిన్న స్టేషన్లతో సహా ఆ లైను చూపే మ్యాపు కావాలి. టైమ్ టేబుల్లో వచ్చేది వద్దు, అందులో వంపులన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతికితే స్కూలు అట్లాసులే దొరికాయి.

రైలు_బాబాయ్: పుస్తకమే కావాలంటే సమిత్ రాయ్‌చౌధురి ‘గ్రేట్ ఇండియన్ రైల్వే అట్లాస్’ చూడండి. మొదటి కూర్పు 2005లో వచ్చింది. నా కాపీ అట్ట ఊడిపోయింది, అయినా ఎవరికీ ఇవ్వను! కానీ మీ తాతగారి కాలానికి అది సరిపోదు. అమెరికా సైన్యం 1950లలో అచ్చువేసిన మన దేశం మ్యాపులు టెక్సాస్ విశ్వవిద్యాలయం లైబ్రరీ సైట్లో ఉచితంగా ఉన్నాయి. స్కేలు 1:2,50,000. ఊళ్లు, వాగులు, రైలు పట్టాలు అన్నీ కనిపిస్తాయి. లైను పొడవునా ఒక్కో షీటూ దింపుకోవాలి, ఓపిక కావాలి మరి. నిజాం కాలంలో ఆ లైను పేరు గోదావరి వ్యాలీ రైల్వే, ఆ పేరుతోనూ వెతకండి.

మౌలాలి_లోకో: ఇప్పటి పట్టాలకైతే ఓపెన్‌రైల్వేమ్యాప్ అనే వెబ్‌సైట్ చాలు. వాలంటీర్లు గీసేది కాబట్టి సైడింగుల (మెయిన్ లైను నుంచి చీలే పక్క పట్టాల) విషయంలో పూర్తిగా నమ్మకండి.

కాచిగూడ_ప్యాసింజర్: థాంక్స్ బాబాయ్ గారూ. బొల్లారం, మేడ్చల్, కామారెడ్డి వరుసగా చూసుకుంటూ వెళ్తాను. షీట్లన్నీ కలిపి పెద్ద సైజులో ప్రింటు తీసే షాపు కోఠి వైపు ఏదైనా తెలుసా?